అయానిక్ ద్రవపు మెంబ్రేన్: కోబాల్ట్ దాటుతోంది, కానీ వాడేకొద్దీ నెమ్మదిస్తోంది

నీలిపొర
అందరికీ నమస్కారం. పీహెచ్‌డీ పనిలో భాగంగా పీవీసీలో అలీక్వాట్ 336 అనే అయానిక్ ద్రవం (ద్రవరూప లవణం) కలిపి పలచని మెంబ్రేన్లు పోస్తున్నాను. నీళ్లలో కలిసి ఉన్న కోబాల్ట్, నికెల్‌లను విడదీయడం లక్ష్యం.

వివరాలు: బరువు లెక్కన పీవీసీ 60 శాతం, అలీక్వాట్ 40 శాతం. ప్లాస్టిసైజర్ (పాలిమర్‌ను మెత్తబరిచేది) విడిగా వేయడం లేదు, ఆ పని అలీక్వాటే చేస్తోంది. టీహెచ్ఎఫ్ అనే ద్రావణిలో కరిగించి గాజు రింగులో పోసి, పైన వడపోత కాగితం కప్పి నిదానంగా ఆరనిస్తాను. ఆరాక మందం సుమారు 50 మైక్రాన్లు. ఫీడ్ వైపు (లోహాలు బయల్దేరే వైపు) 7 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో లోహాలు, ఒక్కోటి లీటరుకి 100 మి.గ్రా. స్ట్రిప్ వైపు (అవి దాటి చేరే వైపు) డీఅయొనైజ్డ్ నీళ్లు. రెండు వైపులా 100 మి.లీ. నీళ్లకు తగిలే వైశాల్యం 10 చదరపు సెంటీమీటర్లు.

విడదీయడం వరకు భేషుగ్గా ఉంది. మెంబ్రేన్ నీలంగా మారుతుంది, స్ట్రిప్ నీళ్లు మెల్లగా గులాబీ రంగుకి వస్తాయి. నికెల్ ఫీడ్‌లోనే ఉండిపోతుంది. ఇబ్బందులు వేరే:

ఒకటి, ప్రయోగం మొదట్లో కోబాల్ట్ జోరుగా దాటుతుంది, తర్వాత చప్పబడుతుంది. రెండు, అదే మెంబ్రేన్ మళ్లీ వాడితే మొదలే నెమ్మదిగా ఉంటుంది, ఆ తర్వాత ఇంకా నెమ్మది. మూడు, పాత బ్యాటరీల నుంచి తీసిన అసలు ద్రావణం పెడితే మెంబ్రేన్ ఆకుపచ్చగా తయారై, ఎంత నీళ్లలో నానబెట్టినా ఒక పసుపు ఛాయ మిగిలిపోతోంది.

రిపోర్ట్ ఇచ్చే సమయం దగ్గర పడుతోంది, టెన్షన్‌గా ఉంది. ఎవరైనా దారి చూపగలరా?

గాజుకడ్డీ
నీలిపొర గారూ, మీరు ఒకే జబ్బుకి మూడు లక్షణాలు అనుకుంటున్నట్టున్నారు. నాకు మాత్రం ఇవి మూడు వేర్వేరు విషయాల్లా కనిపిస్తున్నాయి. అందులో మొదటిది అసలు జబ్బే కాకపోవచ్చు.

ఫీడ్‌లో కోబాల్ట్ తగ్గేకొద్దీ దాటే వేగం తగ్గడం సహజం. ఫీడ్ గాఢతను తొలి గాఢతతో భాగించి, దాని సహజ సంవర్గమానాన్ని కాలానికి ఎదురుగా గీయండి. సరళరేఖ వస్తే మెంబ్రేన్ నిక్షేపంగా ఉన్నట్టే. ఆ రేఖ వాలు నుంచి పర్మియబిలిటీ కోఎఫిషియెంట్ (మెంబ్రేన్ ఎంత తేలిగ్గా దాటనిస్తుందో చెప్పే అంకె) తీసి, దాన్నే ప్రయోగానికీ ప్రయోగానికీ పోల్చండి. రేఖ మధ్యలో వంగితే అప్పుడు మాట్లాడుకుందాం.

ఇంకో రెండు ప్రశ్నలు. కలిపే వేగం పెంచితే రవాణా పెరుగుతోందా? పెరిగితే మీరు కొలుస్తున్నది మెంబ్రేన్‌ను కాదు, దాన్ని అంటుకుని కదలకుండా ఉండే నీటి పొరను. అలాగే మందం సగం చేస్తే వేగం దాదాపు రెట్టింపు కావాలి, కాకపోతే అడ్డంకి ఇంకెక్కడో ఉంది.

కొత్తనీరు
మధ్యలో దూరినందుకు ఏమీ అనుకోకండి. నేను ఈ రంగం కాదు. నీళ్లలోంచి లోహాలు తీయడానికి ఆర్‌వో మెంబ్రేన్ ఉంది కదా, దానికి లేని గొప్ప దీనికేముంది?

ఉప్పుకల్లు
ఆర్‌వో కోబాల్ట్‌నీ ఆపుతుంది, నికెల్‌నీ ఆపుతుంది. ఆవిడకు కావలసింది రెంటినీ ఆపడం కాదు, ఒకదాన్ని పంపి ఒకదాన్ని ఉంచడం. రెండూ ఆవర్తన పట్టికలో పక్కపక్కనే ఉంటాయి, ఇద్దరిదీ రెండు ధనావేశం, అయాన్ల పరిమాణం కూడా ఇంచుమించు సమానం. రంధ్రం సైజు చూసి వేరు చేయడం కుదిరే పని కాదు.

పాలిమర్ పంతులు
కొత్తనీరు గారికి కొంచెం విడమరిచి చెబుతాను, తెలిసినవాళ్లు దాటేయండి.

ఈ మెంబ్రేన్‌లో కంటికి కనిపించే రంధ్రాలు ఉండవు. పీవీసీ గొలుసుల మధ్య ఒక ద్రవ లవణం ఇరుక్కుని ఉంటుంది. 100 డిగ్రీల సెల్సియస్ లోపే ద్రవంగా ఉండే లవణాలను అయానిక్ ద్రవాలంటారు. 1914లో పాల్ వాల్డెన్ 12 డిగ్రీల దగ్గర కరిగే ఇథైల్ అమ్మోనియం నైట్రేట్ గురించి రాసినప్పటి నుంచీ ఇవి తెలుసు. అలీక్వాట్ 336లో పెద్ద క్వాటర్నరీ అమ్మోనియం ధన అయాన్, దానికి జతగా క్లోరైడ్ ఉంటాయి. ధన అయాన్‌కి ఎనిమిది, పది కార్బన్ల పొడుగు తోకలు మూడు. అవి నూనె స్వభావంవి కాబట్టి నీళ్లలోకి పోవడానికి ఇష్టపడవు.

గాఢమైన క్లోరైడ్‌లో కోబాల్ట్ నాలుగు క్లోరైడ్లను కట్టుకుని రెండు రుణావేశాల టెట్రాక్లోరోకోబాల్టేట్ అవుతుంది. ఆ నీలం రంగు దానిదే. మెంబ్రేన్‌లోని ధన అయాన్లు రెండు కలిసి దాన్ని పట్టుకుని, తమ క్లోరైడ్లను ఫీడ్‌లోకి వదిలేస్తాయి. అవతలి గట్టున నీళ్లలో క్లోరైడ్ లేదు కాబట్టి ఆ సంక్లిష్టం విడిపోయి, ఆరు నీటి అణువులు చుట్టూ చేరిన మామూలు గులాబీ కోబాల్ట్ అవుతుంది. ఖాళీ అయిన వాహకం, అంటే మోసే ఆ ధన అయాన్, క్లోరైడ్‌ను ఎక్కించుకుని వెనక్కి వస్తుంది. ఏరు దాటించే పడవ అనుకోండి. నికెల్‌కి ఆ క్లోరైడ్ వేషం వేయడం చేతకాదు, గాఢ ఆమ్లంలో కూడా అది ధనావేశంతోనే ఉంటుంది. అందుకే దాన్ని ఏ పడవా ఎక్కించుకోదు.

అవతల వైపు కోబాల్ట్ ఎక్కువ చేరినా సరే, క్లోరైడ్ తేడా ఉన్నంతసేపు ఇటు నుంచి అటు దాటుతూనే ఉంటుంది. ఈ పద్ధతిలో నాకు నచ్చేది అదే.

కొత్తనీరు
అర్థమైంది, ధన్యవాదాలు పంతులు గారూ. అంటే వేరు చేసేది మెంబ్రేన్ ఒక్కటే కాదు, ఫీడ్‌లో ఉన్న క్లోరైడ్ కూడా అన్నమాట.

గాజుకడ్డీ
సరిగ్గా పట్టుకున్నారు. ఈ మాట చాలా పేపర్లలో కూడా స్పష్టంగా ఉండదు. "మా అయానిక్ ద్రవం కోబాల్ట్‌ను ఎంచుకుంటుంది" అని రాస్తారు. అదే మెంబ్రేన్‌ను 1 మోలార్ ఆమ్లంలో పెడితే కోబాల్ట్ వైపు కన్నెత్తి కూడా చూడదు.

బెల్జియంలోని కేయూ ల్యూవెన్ వాళ్లు 2012లో సైఫాస్ ఐఎల్ 101 అనే ఫాస్ఫోనియం క్లోరైడ్‌తో, ఏ ద్రావణీ కలపకుండా, కోబాల్ట్‌నీ నికెల్‌నీ విడదీసి చూపించారు. అక్కడా కథ ఇదే: గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఎక్కించుకోవడం, నీళ్లతో దించడం.

లెక్కలమనిషి
రెండో ఇబ్బంది గురించి. కాగితం మీద చూద్దాం.

10 చదరపు సెంటీమీటర్లు, 50 మైక్రాన్లు అంటే ఘనపరిమాణం 0.05 ఘన సెంటీమీటర్లు. బరువు దాదాపు 50 మిల్లీగ్రాములు అనుకుందాం. అందులో 40 శాతం అలీక్వాట్ అంటే 20 మి.గ్రా. అణుభారం 404, కాబట్టి 0.05 మిల్లీమోల్. ఒక్కో కోబాల్ట్‌కి రెండు కావాలి. అంటే మెంబ్రేన్ మొత్తం నిండినా ఒకేసారి పట్టేది 0.025 మిల్లీమోల్, సుమారు 1.5 మి.గ్రా. కోబాల్ట్. మీ ఫీడ్‌లో ఉన్నది 10 మి.గ్రా. కాబట్టి వాహకం మళ్లీ మళ్లీ తిరగాల్సిందే.

ఇప్పుడు అసలు సంగతి. అలీక్వాట్ నీళ్లలో కరగదు అంటాం. సున్నా ఏమీ కాదు కదా. ఉదాహరణకు లీటరుకి 10 మి.గ్రా. కరిగిందనుకోండి, అది పెద్ద సంఖ్య కాదు. రెండు వైపులా కలిపి మీ దగ్గర 200 మి.లీ. ఉన్నాయి. పోయేది 2 మి.గ్రా. ఉన్నది 20. ఒక్క ప్రయోగంలో పదో వంతు పోయినట్టే. తర్వాత ప్రయోగానికి కొత్త నీళ్లు పోస్తారు, మళ్లీ పోతుంది.

పెద్ద ట్యాంకు ద్రవంతో చేసే ద్రావణి సంగ్రహణంలో ఈ నష్టం లెక్కలోకి రాదు. మెంబ్రేన్‌లో సరుకే 20 మి.గ్రా., అందుకే కనిపిస్తుంది.

గాజుకడ్డీ
లెక్కలమనిషి గారి లెక్కకి ఒక చేర్పు. పదో వంతు పోతే వేగం పదో వంతే తగ్గుతుందని అనుకోకండి. పీవీసీలో అలీక్వాట్ ఒక స్థాయికి తక్కువైతే రవాణా ఒక్కసారిగా పడిపోతుంది. చాలామందికి అది సుమారు 30 నుంచి 40 శాతం మధ్య కనిపించింది. ఆ స్థాయి పైన ద్రవం పాలిమర్ లోపల ఒకదానికొకటి కలిసిన దారులుగా ఉంటుంది, కింద అయితే విడివిడి గుంటలుగా మిగిలిపోతుంది. మీరు 40 దగ్గర మొదలుపెట్టారంటే అంచు మీదే నిలబడ్డారు.

అలాగని 60 శాతం వేయకండి. మెంబ్రేన్ చెమర్చుతుంది, పైన నూనె చుక్కలు తేలతాయి, అవి తొలి ప్రయోగంలోనే కొట్టుకుపోతాయి, ఫిల్మ్ కూడా జిగురుగా సాగుతుంది.

బీకరుబాబు
మా ల్యాబ్‌లో ఎవరో 70 శాతం వేశారు. మెంబ్రేన్ గాజు నుంచి ఊడి రాలేదు, ఇప్పటికీ అక్కడే ఉంది.

ఉప్పుకల్లు
ఇక్కడ నాకున్న కోపం చెప్పేస్తాను. ఈ రంగంలో సగం పేపర్లు "అయానిక్ ద్రవాలు హరిత ద్రావణులు" అనే వాక్యంతోనే మొదలవుతాయి. ఎందుకు హరితం? ఆవిరి కావు కాబట్టి. గాల్లోకి పోవు, నిజమే. మనం పని చేసేది నీళ్లలో. నీళ్లలోకి పోయేదాన్ని గాల్లోకి పోదని పొగడటం ఏమిటి?

పొడుగు తోకల క్వాటర్నరీ అమ్మోనియం, ఫాస్ఫోనియం లవణాలు నీటి జీవులకు విషమే. తోక పొడుగు పెరిగే కొద్దీ సాధారణంగా విషత్వమూ పెరుగుతుంది. తోక పొట్టిగా చేస్తే నీళ్లలో ఎక్కువ కరుగుతుంది. ఏ వైపు లాగినా ఒకటి తెగుతుంది. ఫ్లోరిన్ రుణ అయాన్ల సంగతి ఇంకా ఉంది. హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ తడి తగిలి, వేడి, ఆమ్లం తోడైతే విచ్ఛిన్నమై హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఇస్తుంది. బ్యూటైల్ మిథైల్ ఇమిడజోలియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్‌ను నీటికి పడనిది అంటారు గానీ, మామూలు ఉష్ణోగ్రత దగ్గర లీటరు నీళ్లలో దాదాపు 19 గ్రాములు కరుగుతుంది! గ్రాములు, మిల్లీగ్రాములు కాదు. బిస్‌ట్రైఫ్లోరోమిథైల్‌సల్ఫొనైల్ ఇమైడ్ అనే ఇంకో ఫ్లోరిన్ రుణ అయాన్ అంత తేలిగ్గా విచ్ఛిన్నం కాదు, నీళ్లలోనూ తక్కువ కరుగుతుంది. అందరూ దానికి మారారు. 2021లో ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ ఇచ్చిన నిర్వచనం ప్రకారం అది కూడా పీఫాస్ (ప్రకృతిలో తేలిగ్గా నశించని ఫ్లోరిన్ రసాయనాలు) కిందకే వస్తుంది. నీళ్లు శుభ్రం చేయడానికి నీళ్లలోకి పీఫాస్ వదులుతామా?

నీలిపొర
ఉప్పుకల్లు గారూ, నా పని తాగునీరు కాదండీ, బ్యాటరీ ద్రావణం. అయినా మీరన్నది కాదనలేను. రిపోర్ట్‌లో ఆ వాక్యం రాయను లెండి.

గాజుకడ్డీ గారూ, మీరు చెప్పినట్టు గీశాను. సరళరేఖే వచ్చింది! మొదటి ఇబ్బంది పోయింది. కలిపే వేగం పెంచితే కొంతవరకు పెరిగి ఆగింది. ఇక ఆ ఆగిన వేగంలోనే చేస్తాను. ప్రయోగం నుంచి ప్రయోగానికి మాత్రం వాలు తగ్గుతూనే ఉంది, అది నిజం నష్టమే.

పాలిమర్ పంతులు
ద్రవం కారిపోతోందంటే ద్రవాన్నే పాలిమర్ చేసేయడం ఒక దారి. ఇమిడజోలియంకి (అయానిక్ ద్రవాల్లో వాడే మరో ధన అయాన్) వినైల్ గుంపు తగిలించి పాలిమరైజ్ చేస్తే ధన అయాన్లు గొలుసుకే అతుక్కుంటాయి, ఇక కారే ప్రశ్నే లేదు. వీటిని పాలీ అయానిక్ ద్రవాలు అంటున్నారు. ఇందులో ఒక వింత ఉంది: జత అయాన్ బ్రోమైడ్ అయితే పాలిమర్ నీళ్లలో కరిగిపోతుంది. అదే పాలిమర్‌లో బ్రోమైడ్ తీసి బిస్‌ట్రైఫ్లోరోమిథైల్‌సల్ఫొనైల్ ఇమైడ్ పెడితే నీళ్లలో తెల్లగా గడ్డకట్టి కిందకి దిగుతుంది. గొలుసు అదే, జత మారిందంతే. ఈ గుణాన్ని వాడుకుని, పాలీఅక్రిలిక్ ఆమ్లంతో కలిపి పోసి, అమ్మోనియా నీళ్లలో ముంచి, నానో రంధ్రాల మెంబ్రేన్లు తయారు చేస్తున్నారు.

ఉప్పుకల్లు గారు ఫ్లోరిన్ అని మళ్లీ లేస్తారని తెలుసు. ఫ్లోరిన్ లేకుండా, గొలుసులను ఒకదానికొకటి క్రాస్‌లింక్ చేసి కూడా నీళ్లలో నిలబెట్టవచ్చు.

గాజుకడ్డీ
పంతులు గారూ, కారదు, ఒప్పుకుంటాను. కానీ మీరే ఇందాక పడవ అన్నారు. ఇప్పుడు పడవలన్నీ గొలుసులతో ఒకచోట కట్టేస్తానంటున్నారు. సరుకు పడవ నుంచి పడవకి చేతులు మారుతూ పోవాలి. రెండు ఆవేశాల పెద్ద కోబాల్ట్ సంక్లిష్టం గట్టి పాలిమర్‌లో అలా గెంతడం చాలా నెమ్మది. వేగం కోసం ధన అయాన్లు పెంచితే నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది, ఉబ్బితే నికెల్ కూడా నీటితో పాటు జారుకుంటుంది.

పాలిమర్ పంతులు
కోబాల్ట్‌కి మీ మాటే నిజం. నేను ఇంకో పనికి దాన్ని సమర్థిస్తాను: నానోఫిల్ట్రేషన్‌లో (అతి సన్నని రంధ్రాల మెంబ్రేన్‌తో ఒత్తిడి పెట్టి వడపోయడం) పైపొరగా. లిథియంనీ మెగ్నీషియంనీ విడదీసేటప్పుడు మెంబ్రేన్ ఉపరితలం ధనావేశంతో ఉంటే, రెండు ఆవేశాల మెగ్నీషియం ఒక ఆవేశం లిథియం కంటే గట్టిగా వెనక్కి నెట్టబడుతుంది. దీన్నే డానన్ వికర్షణ అంటారు. మామూలు పాలీఅమైడ్ నానోఫిల్ట్రేషన్ పొర తటస్థ పీహెచ్‌లో రుణావేశంతో ఉంటుంది, అందుకే అక్కడ ధనావేశపు క్వాటర్నరీ గుంపులు అతికిస్తారు. అక్కడ వాహకం అక్కర్లేదు, తోసేవాడు ఉంటే చాలు. కాబట్టి కదలని అయాన్లు లోపం కాదు.

బుడగ
నాదీ ఒక అడ్డదారి వ్యాఖ్య. మేం పీడీఎంఎస్ అనే సిలికోన్ రబ్బరులో అయానిక్ ద్రవం కలిపి పెర్వాపరేషన్ (మెంబ్రేన్ గుండా ఆవిరిగా లాగడం) చేస్తాం, కిణ్వ ద్రవంలోంచి బ్యూటనాల్ తీయడానికి. క్లాస్ట్రిడియం బాక్టీరియా తాను చేసిన బ్యూటనాల్‌కి తానే చస్తుంది, ఒకటి రెండు శాతం దాటనివ్వదు. అందుకని చేసింది చేసినట్టు బయటికి లాగాలి. మా మెంబ్రేన్‌కి ఒకవైపు వాక్యూమ్, ఆ వైపు అయానిక్ ద్రవం ఆవిరి కాదు కాబట్టి పోదు. నీళ్లు ఒక వైపే ఉంటాయి. మీకంటే మా కష్టం సగం! అయితే ఆ ద్రవం బాక్టీరియాకి విషం కాకూడదు, అక్కడే మేం ఆగిపోయాం.

మోడరేటర్
చర్చ బాగుంది. బ్యూటనాల్‌కి విడిగా దారం తెరవండి బుడగ గారూ, చాలామంది వస్తారు. ఇక్కడ నీలిపొర గారి రెండో, మూడో ప్రశ్నలకి వద్దాం.

గాజుకడ్డీ
సరే, రెండో ప్రశ్న. నా అనుమానం మీ స్ట్రిప్ మీద. ఫీడ్ వైపు 7 మోలార్ క్లోరైడ్ ఉంది. అంత ఉప్పదనంలో అలీక్వాట్ కరగడానికి ఇష్టపడదు. కారేదంతా ఎక్కువగా అవతలి వైపు, స్వచ్ఛమైన నీళ్లలోకి. పైగా ఇది సబ్బు స్వభావం ఉన్న పదార్థం, ఉప్పు లేని నీళ్లలో సన్నని తుంపరలుగా కూడా విడిపోగలదు.

స్ట్రిప్‌లో 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లమో సోడియం క్లోరైడో వేసి చూడండి. కోబాల్ట్ సంక్లిష్టం విడిపోవడానికి ఆ కొంచెం క్లోరైడ్ అడ్డు రాదు. అలీక్వాట్ మాత్రం లోపలే ఉండటానికి ఇష్టపడుతుంది. కొత్త మెంబ్రేన్‌ను కూడా వాడే ముందు అదే ద్రావణంలో నానబెట్టి పై చుక్కలు వదిలించండి, లేకపోతే తొలి ప్రయోగపు అంకె ఎప్పుడూ అబద్ధం చెబుతుంది.

లెక్కలమనిషి
స్ట్రిప్‌లో క్లోరైడ్ పోగుపడి చోదక బలం తగ్గుతుందేమో అని ఎవరైనా అడిగేలోపు: 10 మి.గ్రా. కోబాల్ట్ మొత్తం దాటినా అది 0.17 మిల్లీమోల్. దాంతో పాటు దాటే క్లోరైడ్ 0.34 మిల్లీమోల్. 100 మి.లీ.లో అది 0.0034 మోలార్. 0.1 ముందు దాని లెక్కేమిటి?

భయపడాల్సింది ఫీడ్ వైపు. గాఢ ఆమ్లం స్ట్రిప్ నుంచి నీటిని లాక్కుంటుంది, ఆమ్లం కొద్దిగా స్ట్రిప్‌లోకి కారుతుంది. 7 మోలార్ కాస్తా పలచబడితే కోబాల్ట్ పట్టుకోవడం గట్టిగా తగ్గుతుంది. రెండు వైపులా నీటి మట్టం గుర్తు పెట్టి చూడండి, స్ట్రిప్ పీహెచ్ చూడండి.

నీలిపొర
కారిందో లేదో నేరుగా కొలవడం ఎలా? మెంబ్రేన్ తూచితే నీళ్లు పీల్చుకున్న బరువు కూడా కలుస్తోంది. విద్యుత్ వాహకత కొలుద్దామంటే అలీక్వాట్ వంతు ఉప్పులో మునిగిపోతుంది.

గాజుకడ్డీ
తూచే పద్ధతి చెడ్డదేం కాదు, బరువు మారడం ఆగేదాకా వాక్యూమ్‌లో ఆరబెట్టాలి. లోహం ఎక్కి ఉంటే పూర్తిగా దించాకే తూచాలి. కానీ 50 మి.గ్రా.లో రెండు మి.గ్రా. తేడా అంటే తక్కెడ మంచిదై ఉండాలి.

యూవీలో కనబడదు. ఇమిడజోలియం అయితే 211 నానోమీటర్ల దగ్గర కనబడేది, అలీక్వాట్‌లో పీల్చుకునే వలయమే లేదు. మీ స్ట్రిప్‌లో ఇంకే సేంద్రియ పదార్థమూ లేదు కనుక టీఓసీ (మొత్తం సేంద్రియ కార్బన్ కొలిచే) యంత్రం ఉంటే సులువు, కాకపోతే క్లోరైడ్ ఎక్కువున్న నమూనా పెడుతున్నామని యంత్రం చూసుకునేవారికి ముందే చెప్పండి. అదీ లేదంటే పాత పద్ధతి: మిథైల్ ఆరెంజ్ లాంటి రుణావేశపు రంగు కలిపి క్లోరోఫాంతో కుదపండి. క్వాటర్నరీ అమ్మోనియంతో జత కట్టిన రంగు కింది పొరలోకి దిగుతుంది, ఆ రంగు గాఢత కొలవండి. క్లోరైడ్ కూడా కొంత పోటీ పడుతుంది కాబట్టి ప్రమాణ ద్రావణాలు కూడా అదే ఉప్పు నీళ్లలో చేయాలి. మీరు ముందు ముందు ఫాస్ఫోనియంకి మారితే బతికిపోయారు, మూలకాలను కొలిచే ఐసీపీ యంత్రంలో ఫాస్ఫరస్ చూస్తే చాలు.

నీలిపొర
కొన్నాళ్లకు మళ్లీ వచ్చాను. స్ట్రిప్‌లో 0.1 మోలార్ సోడియం క్లోరైడ్ వేశాక కోబాల్ట్ దిగడంలో తేడా ఏమీ కనబడలేదు. వాలు తగ్గడం పూర్తిగా ఆగలేదు గానీ బాగా నిదానించింది. రంగు పద్ధతిలో చూస్తే ఉత్త నీళ్లలోకి పోయిన అలీక్వాట్ లెక్కలమనిషి గారు ఉదాహరణకి తీసుకున్నదాని కంటే ఎక్కువే ఉంది. ఉప్పు ఉన్నప్పుడు అందులో కొద్ది భాగమే.

ఫీడ్ మట్టం కూడా కాస్త పెరుగుతోంది, నీళ్లు అటు వెళ్తున్నాయి. చాలాసేపు నడిపినప్పుడు మాత్రమే తెలుస్తోంది.

ఇక మూడో ఇబ్బంది. బ్యాటరీ ద్రావణంతో వచ్చే ఆ పసుపు.

ఉప్పుకల్లు
ఇనుము. పందెం కాస్తాను. బ్యాటరీ డొక్కు ఉక్కుది అయితే ముక్కలు చేసేటప్పుడే కలుస్తుంది.

పాలిమర్ పంతులు
రాగి కూడా కావచ్చు. లోపల రాగి రేకు ఉంటుంది, రాగి క్లోరైడ్ సంక్లిష్టమూ పసుపే. నీలం మీద పసుపు పడితే ఆకుపచ్చ.

గాజుకడ్డీ
రంగు చూసి రెంటినీ విడదీయలేం, కానీ ఆవిడే ఒక ఆధారం ఇచ్చారు: నీళ్లలో నానబెట్టినా పోవడం లేదు. రాగి సంక్లిష్టం కోబాల్ట్‌లాగే క్లోరైడ్ తగ్గితే విడిపోతుంది. ఇనుము కట్టే టెట్రాక్లోరోఫెర్రేట్ అలా కాదు. ఒకే ఆవేశం, పెద్ద శరీరం, నీటి అణువులను తన చుట్టూ గట్టిగా పట్టుకోదు. అలాంటి అయాన్‌కి నీళ్లకంటే నూనె స్వభావపు మెంబ్రేనే హాయి. అందుకే అంత తేలిగ్గా దిగదు. అది కూర్చున్న ప్రతి వాహకమూ కోబాల్ట్‌కి పనికిరానట్టే. మీ చిన్న మెంబ్రేన్‌లో పట్టే చోటే 0.05 మిల్లీమోల్, ఇనుముకి ఒక్కో వాహకం చాలు. 3 మి.గ్రా. ఇనుము కంటే తక్కువతోనే మొత్తం నిండిపోతుంది.

పరీక్ష చిన్నదే. పసుపు ముక్క ఒకటి ఆస్కార్బిక్ ఆమ్లపు పలచని ద్రావణంలో వేయండి. మూడు ఆవేశాల ఇనుము రెండుకి దిగితే దానికి ఆ క్లోరైడ్ వేషం నిలవదు, మెంబ్రేన్ వదిలేస్తుంది, పసుపు పోతుంది. ఆ నీళ్లకి అసిటేట్ బఫర్ వేసి ఫినాంత్రోలిన్ చుక్కలు కలిపితే నారింజ ఎరుపు రావాలి. వస్తే ఉప్పుకల్లు గారు పందెం గెలిచారు.

నీలిపొర
ఎరుపు వచ్చింది. ముక్క దాదాపు తెల్లబడింది కూడా.

అయితే ప్రతి ప్రయోగం తర్వాతా ఆస్కార్బిక్ ఆమ్లంతో కడుక్కోవాలా?

ఉప్పుకల్లు
కడగొచ్చు గానీ, ఇనుమును మెంబ్రేన్ దాకా రానివ్వకపోతే కడిగే పనే ఉండదు. కరిగించే మెట్టులోనే చూసుకోండి. మీరు ముడి పొడిని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగిస్తున్నారా? కోబాల్ట్ ఆక్సైడ్ క్యాథోడ్ ఆ ఆమ్లంతో క్లోరిన్ వాయువు వదులుతుంది, ఫ్యూమ్ హుడ్ బయట ఆ పని చేయకండి. చాలామంది సల్ఫ్యూరిక్ ఆమ్లం, హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడతారు. అలా కరిగించి, పీహెచ్‌ను 3, 4 మధ్యకి పెంచితే మూడు ఆవేశాల ఇనుము హైడ్రాక్సైడ్‌గా కిందకి దిగుతుంది. కోబాల్ట్, నికెల్ ద్రావణంలోనే ఉంటాయి. వడపోసి, అప్పుడు క్లోరైడ్ కలపండి.

లెక్కలమనిషి
క్లోరైడ్ అంటే ఆమ్లమే కానక్కర్లేదు. లిథియం క్లోరైడ్ లాంటి బాగా కరిగే లవణంతో కూడా కోబాల్ట్ నీలం అవుతుంది. కాల్షియం క్లోరైడ్ జోలికి మాత్రం పోకండి, సల్ఫేట్ ఉన్న ద్రావణంలో వేస్తే జిప్సం ముద్ద అవుతుంది.

నీలిపొర
లిథియం క్లోరైడ్ బాగుంది, ఎలాగూ బ్యాటరీలో లిథియం ఉంది. ఆమ్లం తగ్గితే మెంబ్రేన్ హోల్డర్‌కి కూడా ప్రాణం లేచొస్తుంది.

ఒక చివరి అనుమానం. ఆమ్లం పోతోంది కాబట్టి పీవీసీ బదులు సెల్యులోజ్ ట్రైఅసిటేట్‌కి మారొచ్చా? ఆ ఫిల్మ్ గట్టిగా ఉంటుందని మా గైడ్ అంటున్నారు.

గాజుకడ్డీ
7 మోలార్ ఆమ్లంలో అయితే వద్దనేవాణ్ణి, ఎస్టర్ బంధాలు తెగి మెంబ్రేన్ పెళుసవుతుంది. దాదాపు తటస్థమైన లిథియం క్లోరైడ్‌లో నిలబడుతుంది. టీహెచ్ఎఫ్‌లో కుదరదు, డైక్లోరోమీథేన్‌లో పోయాలి. అది త్వరగా ఆవిరై ఫిల్మ్‌ను చల్లబరుస్తుంది, గాల్లో తేమ ఉంటే పాలలా తెల్లగా వస్తుంది, కాబట్టి మూత బిగువుగా పెట్టండి. క్షారాన్ని మాత్రం ఏ వైపూ తగలనివ్వకండి. ట్రైఅసిటేట్ క్షారంలో ఇంకా త్వరగా పోతుంది. పీవీసీ కూడా గాఢ క్షారంలో క్వాటర్నరీ అమ్మోనియం పక్కన ఉంటే హైడ్రోజన్ క్లోరైడ్ పోగొట్టుకుని గోధుమ రంగుకి తిరుగుతుంది.

రెండూ ఒకే మందంలో పోసి, ఒకే స్ట్రిప్‌తో పోల్చి అంకెలు ఇక్కడ పెట్టండి. గాజుకి అంటుకున్న ముఖం ఫీడ్ వైపు పెట్టారో, గాలి తగిలిన ముఖం పెట్టారో అది కూడా రాయండి.